ఎల్క్ వేటకు 6.5 క్రీడ్‌మోర్ చాలదా, .300 విన్ మ్యాగ్ కావాలా?

డల్లాస్ కుర్రాడు: ఈ సీజన్‌లో కొలరాడో కొండల్లో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు వెళ్తున్నాను. నా దగ్గర 6.5 క్రీడ్‌మోర్ తూటా కాల్చే రైఫిల్ ఉంది, టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింకలకు బాగానే పనిచేసింది. అక్కడ లోయ అవతలికి 500 గజాలు కొట్టాల్సి రావచ్చు, అంతకన్నా బలమైన తూటా కాల్చే .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ (విన్ మ్యాగ్) కొనుక్కోమంటున్నారు. కొనమంటారా?

పాత రైఫిల్: కొను తమ్ముడూ. మగ ఎల్క్ మూడు వందల కిలోలు తూగుతుంది. 6.5 అసలు 2007లో గురి పోటీల కోసం వచ్చిన తూటా. 143 గ్రెయిన్ల (సుమారు 9 గ్రాముల) గుండు శక్తి 400 గజాల దగ్గరే 1500 ఫుట్-పౌండ్లకు దిగిపోతుంది. ఎల్క్‌కు పాతవాళ్లు పెట్టుకున్న హద్దు అదే. .300లో 200 గ్రెయిన్ల గుండుకు 500 దగ్గర కూడా 2000 పైనే ఉంటుంది.

గాలివాటం: అన్నా, మీ లెక్క సరైనదే, కానీ ఆ 1500 అలవాటుగా వస్తున్న మాట. గుండు బరువు, శక్తి విషయంలో కొలరాడో చట్టం ఎల్క్‌కు అడిగేది కనీసం 85 గ్రెయిన్ల గుండు, 100 గజాల దగ్గర 1000 ఫుట్-పౌండ్లు, అంతే. జంతువును పడగొట్టేది తగలగానే పువ్వులా విచ్చుకున్న గుండు ఊపిరితిత్తుల్లో చేసే గాయం. 500 గజాల దగ్గర 6.5 గుండు సెకనుకు 2000 అడుగుల వేగంతో ఉంటుంది, బాగానే విచ్చుకుంటుంది.

నా భయమల్లా గాలి గురించి. పక్క నుంచి గంటకు 10 మైళ్ల గాలి వీస్తే అంత దూరంలో రెండు గుండ్లూ అడుగుకు పైనే పక్కకు పోతాయి. వాటి మధ్య తేడా రెండు మూడు అంగుళాలే. అదే గాలిని 5 మైళ్లు తప్పుగా అంచనా వేస్తే ఏ తూటాతోనైనా గురి అర అడుగు తప్పుతుంది. పైగా గుండు చేరడానికి అర సెకను పైనే పడుతుంది. ఈలోగా ఎల్క్ ఒక్క అడుగు ముందుకేసిందంటే ఊపిరితిత్తులకు పెట్టిన గుండు పొట్టలో దిగుతుంది. అది అడవిలోకి పోయి గంటల తరబడి నరకం అనుభవిస్తుంది, మనకు దొరకదు కూడా. ఇంకా పెద్ద తూటా కొన్నా దీనికి విరుగుడు లేదు.

.300 భుజాన్ని దాదాపు రెట్టింపు గట్టిగా తంతుంది. ఆ దెబ్బకు ముందే కళ్లు మూసుకునేవాడి చేతిలో అది 6.5 కన్నా ప్రమాదం.

పాత రైఫిల్: మరి జంతువు మనకు పూర్తిగా పక్కకు కాకుండా ఓరగా నిలబడితే? భుజం ఎముక విరగాలంటే బరువైన గుండే కావాలి.

గాలివాటం: అక్కడ మీదే పైచేయి, ఒప్పుకుంటాను. .300తో ఏళ్ల తరబడి సాధన ఉన్నవాళ్లు అదే తీసుకెళ్లాలి. ఈ తమ్ముడికి ఆ సాధన లేదు కాబట్టి, జంతువు పక్కకు తిరిగేదాకా ఆగాలి, తిరగకపోతే వదిలేయాలి. తమ్ముడూ, కొత్త రైఫిల్ డబ్బుతో తూటాలు కొను. బల్ల మీద కాదు, కొండ మీద దొరికేది నీ బ్యాక్‌ప్యాకే కనుక దాని మీద ఆనించి కాల్చు. ఎంత దూరం దాకా మొదటి గుండే గురిగా పెట్టిన ఎనిమిది అంగుళాల పళ్లెంలో ప్రతిసారీ పడుతుందో, నీ హద్దు అక్కడే.

డల్లాస్ కుర్రాడు: ప్రస్తుతం 300 దాటితే నమ్మకం లేదు. అయితే ఈసారి 6.5తోనే, 300 లోపే.