మురికివాగా, మురుగువాగా?

దేవరకొండ:
వేమన పద్యంల "గంగ పారు నెపుడు కదలని గతితోడ" తర్వాతి పాదం "మురికివాగు పారు మ్రోతతోడ" అనా, "మురుగువాగు" అనా? రెండూ నోట్లో ఆడుతున్నయి. మురుగునీటి కేంద్రంల, అడుగున దిగిన మడ్డిని (బురదను) గాలి తగలకుంట ఉంచి గ్యాస్ తీసే తొట్టి బోర్డు మీద "మడ్డి పులియబెట్టు తొట్టి" అని రాయాల్నా, "మురగబెట్టు" అనాల్నా అని మాట వచ్చినప్పటి నుంచి ఇదే తొలుస్తున్నది.

వనపర్తి:
మురికే. అయితే ఛందస్సును సాక్ష్యానికి పిలవలేం. రెండూ నగణాలే (మూడు లఘువులు), యతి కూడా ము-మ్రో, ఎటైనా చెల్లుతుంది. అర్థమే తేల్చాలి. మురగడమంటే గాలాడక నిలవ ఉండి చెడడం. మోత చేస్తూ పారే వాగు ఎట్ల మురుగుతది?

మిర్యాలగూడ:
పైన మురగదు సార్, అడుగున మురుగుతది. మూసీ కత్వ (ఏటికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్ట) దూకేకాడ నీళ్లల్ల గాలి కలుస్తది. కత్వకు ఎగువన పేరుకున్న మడ్డిల గాలి ఉండదు, అక్కడి నుంచే బుడగలు లేస్తయి. ఒకే వాగుల మురికి, మురుగు రెండూ ఉన్నయి.

దేవరకొండ:
మరి బోర్డు మీద ఏం రాయాలె?

మిర్యాలగూడ:
"పులియు" వద్దన్నా. తొట్టిల నాలుగు అంచెల పని జరుగుతది: పెద్ద పదార్థాలు విడిపోవుడు, ఆమ్లాలు పుట్టుడు, అవి ఎసిటిక్ ఆమ్లం, హైడ్రోజన్ అయ్యుడు, ఆఖరుకు మీథేన్. పులుపు నడిమి అంచెలదే. ఆమ్లం చేసే సూక్ష్మజీవులు గంటల్ల రెట్టింపైతయి, మీథేన్ చేసేటివాటికి రోజులు పడుతది. మేత, అంటే కొత్త మడ్డి, ఒక్కసారే ఎక్కువ పోస్తే ఆమ్లం మిగిలిపోతది. పీహెచ్ (పులుపు కొలత, తగ్గినకొద్దీ పులుపు ఎక్కువ) 6.8 నుంచి 7.4 మధ్య ఉండాల్సింది 6.5 కిందికి జారితే మీథేన్ పడిపోతది. తొట్టి పులిసిందంటే చెడిపోయిందనే అర్థం. రోగం పేరునే తొట్టికి పెడతమా?

హాలియా:
పీహెచ్ చూసుకుంట కూర్చుంటే ఆలస్యమైతది తమ్ముడూ. క్షారత (పులుపును విరిచే గుణం) ఉన్నన్ని రోజులు అది కదలదు, అయిపోయినంక ఒక్కసారే కూలుతది. కొలవాల్సింది ఆమ్లాలకు, క్షారతకు మధ్య నిష్పత్తి. 0.3 దాటి పెరుగుతుంటే మేత తగ్గించాలె, ఇంకా పెరిగితే ఆపాలె. సున్నం గుమ్మరించొద్దు. అది కార్బన్ డయాక్సైడ్‌ను గుంజుకుంటది, గ్యాస్ నిలిచే డోముల ఒత్తిడి పడిపోతది, అడుగున సున్నపురాయిగా గడ్డకడుతది. వంటసోడా నయం, అదీ కొద్దికొద్దిగా. వేడి 35-37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంచి, మంచిగ నడుస్తున్న తొట్టి నుంచి మడ్డి తెచ్చి తోడు వెయ్యాలె.

వనపర్తి:
తోడు! ఎంత మంచి మాటమ్మా. వేమన "భాండశుద్ధి లేని పాకమేల" అన్నాడు గాని, ఈ వంటకు కుండ కడిగితే పాకమే ఉండదు. ఆటవెలదిలో కుండనూ వాగునూ ఇంత దగ్గరగా చూసిన కవి నాకు ఇంకొకరు కనబడరు.

హాలియా:
ఇసుక మాత్రం తియ్యాల్సిందే సార్. అడుగున ఇసుక నిండితే తొట్టి పట్టు తగ్గుతది, మడ్డి ఇరవై రోజులు ఆగాల్సింది పన్నెండుకే బయటికొస్తది. మీథేన్ జీవులు పుట్టేదానికంటే కొట్టుకపోయేదే ఎక్కువైతది.

నల్లగొండ:
మనం మురిగిన గుడ్డు అంటం, మురికి గుడ్డంటే పెండ అంటింది. మురిగిన గుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, తొట్టి గ్యాస్‌లోనూ అదే ఉంటది. కాబట్టి "మురగబెట్టు తొట్టి" అనే రాయండి. పద్యంలో కూడా మురుగే అని నా పట్టు, మురుగుకే కంపు అర్థం గట్టిగా ఉన్నది.

వనపర్తి:
పద్యంలో కంపు ఎక్కడిదండీ? అక్కడున్నది మోత. గంగ నిదానానికి ఎదురుగా వాగు చప్పుడును నిలబెట్టాడు. మురికే.

దేవరకొండ:
ఇంకోటి. "పారు"ల ఉండాల్సింది బండి ఱ కాదా? పాఱు?