‘సెన్సర్‌లో శబ్దం’ అనవచ్చా?

ప్రశ్న
ఎక్స్-రే టెలిస్కోపుల్లో వాడే సిలికాన్ సెన్సర్ల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. ‘సెన్సర్‌లో శబ్దం ఎంత తక్కువుంటే పనితీరు అంత బాగుంటుంది’ అని రాశాను. ప్రూఫ్ చూసినావిడ పక్కన పెన్సిల్‌తో ‘అంతరిక్షంలో శబ్దం ఉండదు కదండీ?’ అని రాశారు. నవ్వొచ్చింది గానీ, ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. నాయిస్‌కి మనకి రొద, హోరు, గోల, సడి, సద్దు... ఇన్ని మాటలున్నాయి. ఏది నప్పుతుంది? నాయిస్ అనే ఉంచెయ్యనా?

జవాబు
శబ్దం, ధ్వని రెండూ వద్దండీ. పాట కూడా శబ్దమే. మీకు కావలసింది ‘అక్కర్లేనిది అడ్డుపడుతోంది’ అన్న అర్థం, అది రొదలో ఉంది. ‘ఈ రొదలో నీ మాట వినబడట్లేదు’ అంటాం. ఆ ఒక్క వాక్యంలో సిగ్నలూ ఉంది, నాయిసూ ఉంది.

ఇంకో జవాబు
మంచి మాటే. కానీ రొద అంటే పెద్దది, ఎడతెగనిది. మంచి సీసీడీని (మీరు చెప్పే సిలికాన్ సెన్సర్లలో ఒక రకం) చదివేటప్పుడు ఎలక్ట్రానిక్స్ కలిపే తప్పు రెండు మూడు ఎలక్ట్రాన్లు. చీమ చిటుక్కుమన్నా వినిపించే చోట ఉన్నదాన్ని రొద అంటామా? నేనైతే సద్దు అంటాను. సద్దుమణగడం అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం, మాట చచ్చిపోలేదు.

జవాబు
కొన్నాళ్ళు ఇలాంటి సెన్సర్లను పరీక్షించే పని చేశాను, కాస్త పొడుగ్గా రాస్తే ఏమనుకోకండి. రొదా సద్దా అన్నది తర్వాత. నాయిస్ అని మీరు రాసిన చోట అసలు నాయిసే కానిది కూడా దాక్కుని ఉంది.

సెన్సర్ ముందు ఇనుము-55 ఐసోటోపు ముక్క పెడతాం. దాన్నుంచి 5.9 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఎక్స్-రే ఫోటాన్లు వస్తాయి. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి సగటున 3.65 ఎలక్ట్రాన్ వోల్టులు ఖర్చు. అంటే ఒక్కో ఫోటాన్‌కీ సుమారు 1,600 ఎలక్ట్రాన్లు. వాటిని లెక్కపెడితే ఫోటాన్ శక్తి తెలిసిపోతుంది, సెన్సర్ చేసే పనంతా ఇదే. ఏ శక్తి దగ్గర ఎన్ని ఫోటాన్లో గ్రాఫు గీస్తే తెర మీద 5.9 దగ్గర సన్నటి గీత రావాలి. రాదు. గుట్ట వస్తుంది, పక్కన 6.5 దగ్గర దాని పిల్లలా ఇంకో చిన్న గుట్ట. ఎలక్ట్రానిక్స్ నోరు పూర్తిగా నొక్కేసినా పెద్ద గుట్ట సగం ఎత్తులో వెడల్పు 120 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే ఆగిపోతుంది.

ఎందుకంటే ఆ 1,600 అన్నది సగటు. ఒకసారి 1,605 వస్తాయి, ఒకసారి 1,630. 3.65లో ఎలక్ట్రాన్ బంధం విడిపించుకుని బయటపడటానికి నిజంగా కావలసింది 1.12 మాత్రమే, మిగతాది స్ఫటికాన్ని వణికించడంలో పోతుంది. ఆ పంపకం ప్రతిసారీ ఒకేలా జరగదు. మామూలు లెక్కన హెచ్చుతగ్గు 40 ఎలక్ట్రాన్ల దాకా ఉండాలి. ఉండేది 14 లోపే. ఫోటాన్ తెచ్చిన శక్తి ఇంతే కాబట్టి ఒకచోట ఎక్కువ ఖర్చయితే ఇంకోచోట తగ్గాల్సిందే. దీన్ని 1947లో లెక్కగట్టినవాడు ఊగో ఫానో, అందుకే ఫానో గుణకం అంటారు. ఇందులో రొదేముంది? బయటినుంచి వచ్చి మాటకి అడ్డుపడ్డదేమీ లేదు, మాట పలికే తీరే అది. దీనికి హెచ్చుతగ్గు అన్న మాట చాలు.

రొద, సద్దు తగువు గురించి. 5.9 దగ్గర మూడు ఎలక్ట్రాన్ల తప్పు కలిసినా గుట్ట పెద్దగా మారదు. అదే ఆక్సిజన్ నుంచి వచ్చే ఎక్స్-రే గీత దగ్గర, అంటే 0.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, వచ్చేవే 140 చిల్లర ఎలక్ట్రాన్లు, సహజ హెచ్చుతగ్గు నాలుగు. అక్కడ ఆ మూడూ గట్టిగానే వినిపిస్తాయి. సద్దు ఎప్పుడు రొద అవుతుందో పక్కన మాట్లాడేవాడి గొంతుని బట్టి ఉంటుంది. నేను రొద అనే రాస్తాను, సద్దు అన్నాయన క్షమించాలి.

ప్రశ్న వేసినవారు
మేడమ్, చాలా థాంక్సండీ. ఇంకో రెండు ఇరుక్కున్నాయి. డార్క్ కరెంట్‌ని ‘చీకటి కరెంటు’ అంటే, చదివినవాళ్ళు కరెంటు పోయిందనుకుంటున్నారు! రెండోది, చార్జ్ ట్రాన్స్‌ఫర్ ఇనెఫిషెన్సీ. ‘ఆవేశ బదిలీ అదక్షత’ అని రాసి నేనే భయపడ్డాను.

జవాబు
మొదటిదానికి ‘వేడి వల్ల ఊరే చార్జి’ అనండి. వెలుతురు పడకపోయినా వేడికి ఎలక్ట్రాన్లు వాటంతటవే ఊరుతుంటాయి. అందుకే నాసా అంతరిక్షంలోకి పంపిన చంద్ర ఎక్స్-రే టెలిస్కోపులో సీసీడీలని మైనస్ 120 డిగ్రీల దగ్గర ఉంచారు.

రెండోదానికి తెలుగులో బంగారం లాంటి మాట ఉంది: తరుగు. సీసీడీలో చార్జి ఒక పిక్సెల్ నుంచి పక్క పిక్సెల్‌కి బిందె చేతులు మారినట్టు మారుతూ చివరికొస్తుంది. ఒక్కో మార్పుకి పదివేలలో ఒక వంతు ఒలికినా, వెయ్యి వరసలు దాటేసరికి పదో వంతు పోతుంది. 1999లో చంద్ర పైకి వెళ్ళిన కొద్ది వారాలకే సరిగ్గా ఇదే బాధ వచ్చింది. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ పట్టీలు దాటుతున్నప్పుడు తక్కువ శక్తి ప్రోటాన్లు అద్దాల మీంచి చెదిరి సెన్సర్ల మీద పడ్డాయి. ముందువైపు నుంచి వెలుతురు తీసుకునే చిప్స్‌లో చార్జిని పట్టేసుకునే గుంతలు ఏర్పడ్డాయి, తరుగు పెరిగింది. వెనకవైపు నుంచి తీసుకునేవి బతికిపోయాయి, ఆ ప్రోటాన్లు చార్జి నడిచే లోతుదాకా దిగలేకపోయాయి. అప్పట్నుంచీ ఆ పట్టీలు దాటేటప్పుడల్లా కెమెరాని ఫోకస్ నుంచి పక్కకి తప్పిస్తున్నారు.

తరుగుని మాత్రం నాయిస్‌లో కలపొద్దు. రొద అంకెని అటూ ఇటూ ఊపుతుంది. తరుగు ఎప్పుడూ కిందికే లాగుతుంది. చదివే చోటికి దూరంగా పడ్డ ఫోటాన్, దగ్గర పడ్డదానికంటే తక్కువ శక్తిదిలా కనిపిస్తుంది.

సద్దు అన్నవారు
క్షమించేశాను. తరుగు నాకు బాగా నచ్చింది.

ప్రశ్న వేసినవారు
ఇలా మార్చాను, చూడండి: ‘సెన్సర్‌ని చదివేటప్పుడు కలిసే రొద తగ్గించవచ్చు, చల్లబరిచి ఊరే చార్జిని ఆపవచ్చు, తరుగుని లెక్కగట్టి సరిచేయవచ్చు. సిలికాన్‌కి సహజమైన హెచ్చుతగ్గుని మాత్రం ఏమీ చేయలేం.’ ప్రూఫ్ చూసేవారికి పంపాను. శబ్దం సంగతి వదిలేశారు. ఇప్పుడు నేను హోల్‌ని (ఎలక్ట్రాన్ వదిలి వెళ్ళిన ఖాళీని) రంధ్రం అన్న చోట, ‘ఎలక్ట్రాన్ పోయిన చోట రంధ్రం పడితే సెన్సర్ పాడైపోదా?’ అని అడుగుతున్నారు.