బ్యాండ్ బాగుండే టైముకే పిల్లల స్కూల్ ఆటో: కొత్త హ్యామ్‌ని, ఎట్టా నడుపుకోవాలి?

కావలి మాస్టారు

నమస్కారం. మాది కావలి. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను రాత్రి మా వీధిలో కరెంటు, ఫోన్ రెండూ పోయాయి. ఉలవపాడులో ఒక్కతే ఉన్న మా అమ్మ ఎట్టుందో తెల్లారేదాకా తెలియలేదు. ఫోన్లు, కరెంటు లేకపోయినా సొంత సెట్టుతో దూరానికి మాట్లాడుకునే హ్యామ్ రేడియో నేర్చుకోవాలని అప్పుడే పట్టుబట్టాను. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు పరీక్ష రాసి, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ (రేడియోలో మన గుర్తింపు పేరు) తెచ్చుకున్నాను. రిగ్ (రేడియో సెట్) కొని మూడు నెలలైంది.

మిద్దె మీద 40 మీటర్ల బ్యాండ్‌కి (షార్ట్‌వేవ్‌లో హ్యామ్‌లు వాడే ఒక భాగం) డైపోల్ యాంటెన్నా కట్టాను. అటు పది, ఇటు పది మీటర్ల తీగ. ఒక కొస నీళ్ల ట్యాంకు పైపుకి, రెండోది పక్కింటి కొబ్బరిచెట్టుకి (వాళ్లని అడిగే కట్టాను). చెన్నై, బెంగళూరు, ఓసారి కొచ్చి పలికాయి. అవతలి మనిషి మొదటిసారి నా కాల్ సైన్ తిరిగి చెప్పినప్పుడు చేతులు వణికాయి.

ఇబ్బంది ఏందంటే, నాకు స్టేషన్లు బాగా వినపడేది పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. అప్పుడే పాపకి జడ వెయ్యాలి, బాబుకి క్యారేజీ కట్టాలి, మా ఆవిడ ఆఫీసుకి పోవాలి. పోయిన మంగళవారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడుతున్నాను. ఆమె మూడుసార్లు పిలిచిందంట, వినపడలేదు. స్కూల్ ఆటో వెళ్లిపోయింది. ఆమె అరవలేదు. "మీరు ఊరెళ్లినా ఫోన్ చేస్తే పలుకుతారు. ఇంట్లో ఉండి పలకలేదు" అంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు.

సాయంత్రం కూర్చుందామంటే ఏడు కాగానే బ్యాండంతా గుర్రుమని రొద. రిగ్ అమ్మేద్దామా అనిపిస్తోంది. పిల్లలున్న ఇళ్లల్లో మీరంతా ఎట్టా చేస్తున్నారు?

ఒంగోలు, కర్నూలు రోడ్డు

మాస్టారూ, అమ్మకండి. ముందు ఆ హెడ్‌ఫోన్స్ తీసి బీరువాలో పెట్టండి. స్పీకర్ చిన్నగా పెట్టుకోండి. ఇంట్లోవాళ్లు పిలిస్తే "క్యూఆర్‌ఎక్స్, ఇంట్లో పిలుస్తున్నారు" అని లేచి వెళ్లండి. ఆగమని చెప్పడానికే కదా ఆ మాట ఉంది. నా సర్వీసులో దానికి నొచ్చుకున్న హ్యామ్‌ని చూడలేదు.

ఇక టైము సంగతి. నడిమధ్యాహ్నం డీ పొర (పైన అయనోస్ఫియర్‌లో అడుగు పొర) సిగ్నల్‌ని మింగేస్తుంది కాబట్టి 40 మీటర్లు నీరసంగా ఉంటుంది. ఎండ వాలాక మళ్లీ తేరుకుంటుంది. మీ డైపోల్ ఎత్తు ఆరేడు మీటర్లే ఉంటుందనుకుంటా. అంత తక్కువ ఎత్తులో సిగ్నల్ ఎక్కువగా నెత్తిమీదికి పోయి నాలుగైదు వందల కిలోమీటర్ల లోపల దిగుతుంది. చెన్నై, బెంగళూరు ఆ లోపలివే. బడి నుంచి వచ్చి నాలుగున్నరకి కూర్చోండి. పొద్దున పూట పిల్లలకి వదిలేయండి.

ఏడింటి రొద మీ ఇంట్లోదేనేమో చూడండి. రిగ్‌ని బ్యాటరీ మీద పెట్టి, ఎంసీబీలు ఒక్కొక్కటే దించండి. ఏది దించితే రొద ఆగుతుందో దొంగ ఆ గదిలో ఉన్నాడు. తర్వాత చిన్న ట్రాన్సిస్టర్‌ని మీడియం వేవ్‌లో స్టేషన్ లేని చోట పెట్టి ఆ గదిలో తిరగండి. దగ్గరికి పోయేకొద్దీ రొద పెరుగుతుంది.

నెల్లూరు, మూలాపేట

మాస్టారు గారూ, నేనూ వీయూ3నే, ఇద్దరు పిల్లల తల్లిని. మా అత్తగారిది కొత్తపట్నం. మొదట్లో ఈ తీగలేందని విసుక్కున్నారు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారు పోర్ట్‌బ్లెయిర్‌లో హ్యామ్ స్టేషన్ నడుపుతుండగానే సునామీ రావడం, ఆ స్టేషన్ నుంచే అండమాన్ కబుర్లు బయటికి రావడం ఒక రాత్రి కూర్చోబెట్టి చెప్పాను. సముద్రం ఒడ్డు మనిషి కదా, మొత్తం విన్నారు. ఇప్పుడు నేను రేడియో దగ్గర కూర్చుంటే పొయ్యి కట్టేసేది ఆమే. మీ అమ్మగారి కోసం మొదలుపెట్టారని మీ ఆవిడకి ఎప్పుడైనా చెప్పారా?

పిల్లలతో కలిసి చెయ్యాలంటే భూమి చుట్టూ తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్ (హ్యామ్‌ల మాటలు అందుకుని మళ్లీ పంపే సెట్టు) వినండి, 437.800 మెగాహెర్ట్జ్. బాగా పైనుంచి పోయినా పది నిమిషాలే. ఎప్పుడొస్తుందో ముందే తెలుస్తుంది కాబట్టి వంట, హోంవర్కు దానికి తగ్గట్టు చూసుకోవచ్చు. సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల పైన వేగం దానిది. వచ్చేటప్పుడు 437.810 దగ్గర మొదలుపెట్టి, పోయేసరికి 437.790కి దించుకుంటూ రావాలి. స్టేషన్‌లో ఆగని రైలు కూత మనల్ని దాటగానే మారుతుంది చూడండి, అదే. మా వాడికి డాప్లర్ అట్టానే తెలిసింది.

జువ్వలదిన్నె

ఒక్కమాటన్నా. ఉప్పుగాలికి కనెక్టర్లు పచ్చబడతాయి, కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) కొసలకి టేపు గట్టిగా చుట్టు. మబ్బు పట్టగానే, ఉరుములు మొదలుకాకముందే యాంటెన్నా పీకేసెయ్.

కావలి మాస్టారు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను.

ఆదివారం ఎంసీబీలు దించాం. పాప మా నాన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని గోడ వెంబడి నడిచింది. హాల్లో సన్నగా ఉన్న రొద పూజగది గడపకి రాగానే జుయ్యిమంది. దేవుడి పటాల చుట్టూ వేసిన సీరియల్ లైట్లు, వాటి అడాప్టర్. ఏడింటికి దీపం పెట్టేటప్పుడే అవీ వేస్తుంది మా ఆవిడ. ప్లగ్ పీకి, "మరి నన్నడిగితే ఆ రోజే చెప్పేదాన్ని కదా, ఏడింటికి ఇంట్లో కొత్తగా వెలిగేది ఇవేగా" అంది. నిజమే, నేను అడగలేదు. ఉలవపాడు రాత్రి సంగతి కూడా అప్పుడే మొత్తం చెప్పాను. అమ్మ గురించి అంత భయపడ్డానని ఆమెకి తెలియదు.

పొద్దున రిగ్ ముట్టుకోవడం లేదు. జడ నేనే వేస్తున్నాను.

నిన్న నాలుగు యాభైకి మదురై ఆయనతో మాట్లాడుతుంటే కింది నుంచి పిలుపొచ్చింది. క్యూఆర్‌ఎక్స్ అని చెప్పి దిగాను. గ్యాస్ బండ మార్చి, బాబు సైకిల్ చైన్ ఎక్కించి వచ్చేసరికి పావుగంట. ఆయన ఫ్రీక్వెన్సీ మీదే ఉన్నారు. "పనైందా సార్? పిల్లలేం చదువుతున్నారు?" అని అడిగారు. మైకు పాపకిచ్చి, నేను పక్కనే కూర్చున్నాను. తన పేరూ క్లాసూ తనే చెప్పింది.