తొలి నవలకు ప్రచురణ సలహాదారు: సంతకానికి ముందు ఏం అడగాలి?

ప్రశ్న | బాగ్‌లింగంపల్లి_రచయిత

నవల పూర్తయింది. సుమారు 45 వేల పదాలు, యూనికోడ్‌లో వర్డ్ ఫైలు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి తేవాలని ఉంది. ఒక సలహాదారు ఎడిటింగ్, డీటీపీ (పేజీల అమరిక), కవరు, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య), ప్రింటింగ్, పంపిణీ అన్నిటికీ కలిపి ఒకే మొత్తం చెప్పి, సగం ముందే కట్టమంటున్నారు. ఒప్పందంలో "సర్వహక్కులు సంస్థవి" అని ఉంది. ఏమేం చూసుకోవాలి?

అచ్చుతప్పు

ఇప్పుడే సంతకం పెట్టకండి. ఆ మొత్తాన్ని ముందు విడగొట్టించండి: ఎడిటింగ్‌కి ఎంత, ప్రూఫులు (తప్పులు దిద్దే నమూనా ప్రతులు) ఎన్ని విడతలు, డీటీపీ పేజీకి ఎంత, కవరుకి ఎంత. ఏ పని పూర్తయితే దానికే డబ్బు. ప్రింటింగ్ బిల్లు మాత్రం ప్రెస్సు నుంచి నేరుగా మీ పేరు మీదే రావాలి. సలహాదారు ఫీజు అందులో కలిసిపోతే ఎక్కువ కాపీలు వేయించడమే ఆయనకు లాభం. మీకు 300 కాపీలు చాలు, డిజిటల్ ప్రింటింగ్‌లో హాయిగా కుదురుతుంది. ప్లేట్లు చేసి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో ఎన్ని కాపీలు వేసినా ప్లేట్ల ఖర్చు ఒకటే కాబట్టి, సంఖ్య బాగా పెరిగితే తప్ప కాపీ ధర దిగదు.

ఎడిటింగ్ అంటే ఆయన లెక్కలో ఏమిటో కూడా తేల్చుకోండి. పది పేజీలు నమూనాగా దిద్దించండి. కథ ఎక్కడ సాగదీసినట్టుంది, ఏ పాత్ర మాటతీరు మధ్యలో మారింది అని మార్జిన్లో రాస్తే ఎడిటరు. పొల్లులు, కామాలు మాత్రమే సరిచేస్తే ప్రూఫ్‌రీడరు. మీకు ఇద్దరూ కావాలి, కానీ ఇద్దరికీ ఒకే రేటు ఉండదు.

హక్కుల_పేజీ

"సర్వహక్కులు" వాక్యం కొట్టేయించండి. పెట్టుబడి మీదైనప్పుడు హక్కు రాసివ్వాల్సిన పనే లేదు. ఇవ్వక తప్పకపోతే తెలుగు ముద్రణ హక్కు ఒక్కటే, అదీ మూడేళ్లకు. అనువాదం, ఆడియో, సినిమా, ఈ-బుక్ మీ దగ్గరే ఉండాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాసి ఉంటే ఈ రక్షణ మీకు అందదు.

ఐఎస్‌బీఎన్‌కి విడిగా రుసుము అడిగితే ఒప్పుకోకండి. ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయితలు కూడా ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు. సలహాదారు తన పేరున తీసుకుంటే ప్రచురణకర్తగా ఆయనే నమోదవుతారు.

రాయల్టీ 10 శాతం ఇస్తామంటే, దేని మీద అని అడగండి. 200 రూపాయల పుస్తకానికి ముద్రిత ధర మీదైతే 20 రూపాయలు. 40 శాతం కమీషన్ పోగా చేతికొచ్చిన 120 మీదైతే 12 రూపాయలే.

డీటీపీ_నల్లకుంట

యూనికోడ్ ఫైలు అన్నారు కదండీ, అసలు తంటా అక్కడే. ఇక్కడ చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేస్తారు. అలా మార్చినప్పుడు "సాఫ్ట్‌వేర్" కాస్తా "సాఫ్ట్వేర్" అవుతుంది, కొటేషన్ గుర్తులు, అంకెలు చెదురుతాయి. మొదటి ప్రూఫును మీ మూలం పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడాల్సిందే. ఇన్‌డిజైన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్‌తోనే చేయిస్తే ఈ మార్పిడే ఉండదు. అయితే అందులో కంపోజర్ అనే సెట్టింగు "వరల్డ్ రెడీ"లో ఉందో లేదో చూడమనండి, లేకుంటే ఒత్తులు విడిపోతాయి.

డెమ్మీ 1/8 (నవలలకు వాడే పుస్తకం సైజు)లో పేజీకి సుమారు 220 పదాలు పడతాయనుకుంటే కథ 205 పేజీలు, ముందుమాటలతో 224 లోపు సర్దొచ్చు. అంటే 16 పేజీల ఫారాలు (ఒకేసారి అచ్చయ్యే పేజీల కట్టలు) 14. రెండు పేజీలు పొంగినా ఇంకో సగం ఫారం ఖర్చు. అందుకే ముందుమాటలు ముందే తెప్పించుకోండి. కవరు వెన్ను వెడల్పు కూడా పేజీలు, కాగితం ఖరారయ్యాకే వేయాలి: 112 ఆకులు, ఆకు మందం 0.1 మిల్లీమీటరు అయితే 11 మిల్లీమీటర్లు. పని అయ్యాక పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకండి, మళ్లీ మార్చుకోగల ఓపెన్ ఫైళ్లు కూడా ఇవ్వాలని రాయించుకోండి.

బాగ్‌లింగంపల్లి_రచయిత

చాలా థాంక్సండీ. పంపిణీ సంగతి?

అచ్చుతప్పు

"అన్ని షాపుల్లో దొరుకుతుంది" అంటే కుదరదు. కాచిగూడ నవోదయ పుస్తకాల షాపులో ఎన్ని కాపీలు, మిగతా ఊళ్లలో ఎవరికి ఎన్ని, కమీషన్ ఎంత, లెక్క ఎన్ని నెలలకోసారి, అమ్ముడుపోనివి తిరిగి తెచ్చే రవాణా ఎవరిది, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. బుక్ ఫెయిర్‌కైతే ఫైనల్ ఫైలు నవంబరు మొదటి వారానికి ప్రెస్సులో ఉండేలా చూసుకోండి. ఫెయిర్ దగ్గరపడేకొద్దీ ప్రెస్సుల్లో, బైండింగ్ దగ్గర రద్దీ పెరుగుతుంది.