తెల్ల మ్యాట్ కిచెన్ డోర్ల మీద జిడ్డు: తుడిచినప్పుడు పోతోంది, ఆరాక మళ్లీ కనిపిస్తోంది

కంటోన్మెంట్_వంటిల్లు (విజయనగరం)

కిచెన్ డోర్లన్నీ తెల్ల మ్యాట్, హ్యాండిల్ లేని మోడల్. పై అంచు పట్టుకుని లాగడమే. ఆ పట్టుకునే చోట వేలి జిడ్డు బూడిద రంగు చారలా తేలింది. స్టవ్ పైన ఉన్న రెండు డోర్ల కింది భాగం పసుపు తిరిగి, ముట్టుకుంటే జిగురుగా ఉంది. పోపు దగ్గర పసుపు చుక్కలు వేరే.

గిన్నెల లిక్విడ్ నీళ్లలో కలిపి తుడిస్తే అప్పటికి తెల్లగా అవుతుంది. అరగంట పోయాక చూస్తే అదే నీడ. పనమ్మాయి ఒక డోర్‌ని ఆకుపచ్చ పీచుతో రుద్దింది, అక్కడ అరచెయ్యంత మేర మెరుస్తోంది. మాది బోరు నీళ్లు. డోర్లు ఏ మెటీరియలో తెలీదు, ఇంటీరియర్ వాళ్లు "మ్యాట్ ఫినిష్" అన్నారు, అంతే. ఏం వాడాలి, ఏం వాడకూడదు?

సిక్కోలు_చెక్కపని

ఏం వాడాలన్నది తర్వాత. ముందు అది ఏ డోరో తేలాలి. తెల్ల మ్యాట్ అన్న పేరుతో మన వైపు నాలుగు రకాలు బిగిస్తున్నారు, ఒకదానికి పనికొచ్చేది ఇంకోదాన్ని పాడుచేస్తుంది.

డోర్ తెరిచి అంచు చూడండి. ముందు పలక ఒకటి, అంచుకి అతికించిన సన్న పట్టీ ఇంకొకటి, మధ్యలో గీతలా అతుకు కనిపిస్తే లామినేట్, మనం సన్‌మైకా అనేదే. ఆ గీత దగ్గర సన్నగా గోధుమ రంగు కనబడితే అనుమానమే లేదు. ముందు వైపు, నాలుగు అంచులూ ఒకటే తొడుగులా అతుకు లేకుండా మడిచి, వెనక వైపు మాత్రమే అతుకు ఉంటే మెంబ్రేన్, అంటే ఎండీఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన పలక) మీద వేడితో లాగి అతికించిన పీవీసీ ప్లాస్టిక్ రేకు. ముందు, వెనక, అంచు ఎక్కడా అతుకు లేకుండా మూలలు కాస్త గుండ్రంగా ఉంటే పీయూ (పాలీయురేథేన్) పెయింట్. నాలుగోది యాక్రిలిక్. దానికీ అంచు పట్టీ ఉంటుంది కానీ గోధుమ గీత ఉండదు, ముందు పలక మందంగా ప్లాస్టిక్‌లా ఉంటుంది.

లోపల చెక్క ఏదో కూడా తెలియాలంటే ఒక హింజ్ (కీలు) స్క్రూలు విప్పండి. వెనక 35 ఎం.ఎం. గుండ్రటి గుంట ఉంటుంది. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్, మెత్తటి అట్టలా ఒకటే రంగులో ఉంటే ఎండీఎఫ్ జాతి. ఎండీఎఫ్ అయితే నీళ్లు కారేలా తుడవడం మానేయాలి. అంచులోంచి తడి దిగితే ఉబ్బుతుంది, ఉబ్బింది మళ్లీ అణగదు.

ఇంకోటి. ఏ మందైనా "లోపలి వైపు కొంచెం రాసి చూడండి" అంటారు. లోపలి వైపు చాలా డోర్లకి వేరే షీటు ఉంటుంది, అక్కడ బాగుంటే ముందు బాగుంటుందని లేదు. కింది డోర్ ముందు భాగంలోనే, నేలకి దగ్గరగా, కంటికి ఆనని మూల చూసి పరీక్షించండి.

పోపుగింజ

ఇంత శాస్త్రం ఎందుకండీ. వంట సోడాలో వెనిగర్ పోస్తే బుసబుసా పొంగుతుంది, ఆ పొంగుతో తుడిస్తే ఎలాంటి జిడ్డయినా పోతుంది. లేదంటే కొంచెం కిరసనాయిలు.

గట్టు_మీద_గుడ్డ (విజయనగరం)

పోపుగింజ గారూ, ఆ పొంగు కార్బన్ డయాక్సైడ్, అంతే. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేసుకుని ఉప్పు నీళ్లు మిగులుతాయి. జిడ్డుకి పనికొచ్చేది సోడా ఒక్కటే, దాన్ని విడిగా వాడాలి. వెనిగర్ జిడ్డుని కరిగించదు, బోరు నీళ్ల తెల్ల చారలకైతే పనికొస్తుంది. కిరసనాయిలు జిడ్డుని కరిగిస్తుంది, కానీ దాని పొర అది వదిలిపోతుంది. పైగా స్టవ్ పక్కన దాని జోలికి పోకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. తడిగా ఉన్నప్పుడు తెల్లగా ఉండి, ఆరాక నీడ ఎందుకు తేలుతోందంటే: మ్యాట్ పైభాగం నున్నగా ఉండదు, కంటికి కనపడని గుంటలతో ఉంటుంది. వెలుగు ఆ గుంటల మీద పడి నలుదిక్కులా చెదురుతుంది కాబట్టే మెరుపు రాదు. నూనె ఆ గుంటల్లో నిండితే అక్కడ వెలుగు చెదరదు, మరక ముదురుగా కనిపిస్తుంది. తడిపినప్పుడు డోరంతా నీళ్లతో నిండి ఒకేలా ఉంటుంది. నీళ్లు ఆరిపోతాయి, నూనె ఉండిపోతుంది. అందుకని తుడిచిన వెంటనే చూసి మురిసిపోకండి. 20 నిమిషాలు ఆరనిచ్చి, ఫోన్ టార్చి డోర్‌కి ఆనించినట్టు పక్క నుంచి కొట్టి చూడండి. మిగిలిన జిడ్డంతా బయటపడుతుంది.

మీరు లిక్విడ్ ఎక్కువ వేస్తున్నారని కూడా నా అనుమానం. గిన్నె తోమినంత నురుగు రానిస్తే ఆ సబ్బు పొరే గుంటల్లో మిగిలి, మర్నాటికి దుమ్ము పడుతుంది.

కొలత ఇదీ. లీటరు గోరువెచ్చటి నీళ్లకి అర టీస్పూను విమ్ లేదా ప్రిల్ లాంటి లిక్విడ్. చెయ్యి హాయిగా పెట్టగలిగేంత వేడి చాలు. మైక్రోఫైబర్ గుడ్డలు మూడు, ఒకటి సబ్బు నీళ్లకి, ఒకటి మంచి నీళ్లకి, ఒకటి పొడిది. ముందు పొడి గుడ్డతో దుమ్ము దులపాలి, లేకపోతే ఆ ఇసుకే గరుకు కాగితంలా పనిచేస్తుంది. సబ్బు గుడ్డ చుక్క కారనంత గట్టిగా పిండి, మరక మీద అద్ది రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచండి. నాననివ్వడమే సగం పని. తర్వాత బరువు వెయ్యకుండా, పై నుంచి కిందికి డోరు మొత్తం ఒకే తీరున తుడవాలి. మరక చోట మాత్రమే తుడిస్తే దాని చుట్టూ గుండ్రంగా అంచు కడుతుంది, తర్వాత మరక కన్నా అదే ఎక్కువ కనిపిస్తుంది. గుడ్డ మడత మారుస్తూ ఉండండి. జిడ్డెక్కిన మడతతోనే తుడిస్తే నూనెని డోరంతా పూసినట్టే.

మంచి నీళ్ల గుడ్డకి బోరు నీళ్లు వద్దు. ఆరాక అవి తెల్లటి మడ్డి వదులుతాయి, మ్యాట్ మీద అది సుద్ద పూసినట్టు కనపడుతుంది. ఆర్వో నీళ్లు అర లీటరు పక్కన పెట్టుకుంటే నాలుగైదు డోర్లకి సరిపోతాయి. చివర్న పొడి గుడ్డ. గాలికి ఆరనివ్వకండి.

వేలి జిడ్డుకి ఇది చాలు, రెండు విడతల్లో పోతుంది. స్టవ్ పైన జిగురు కట్టింది మాత్రం వేరే సంగతి. అది నూనెగా మిగల్లేదు. ఆవిరై డోర్ మీద వాలిన నూనె వేడికీ గాలికీ గట్టిపడి వార్నిష్‌లా తయారైంది. పొద్దుతిరుగుడు నూనె ఇందులో ముందుంటుంది, కొబ్బరి నూనె ఇలా దాదాపు గట్టిపడదు. దీనికి వంట సోడా ఒక టేబుల్‌స్పూను అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో పూర్తిగా కరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టి వాడండి. పేస్టు చేసి పూయమని ఎక్కడ చదివినా చెయ్యొద్దు, కరగని పలుకులు మ్యాట్‌ని గీకేస్తాయి. తడి గుడ్డ అయిదు నిమిషాలు అద్ది ఉంచడం, తుడవడం, మళ్లీ అద్దడం. ముదిరిన పొరకి మూడు నాలుగు సార్లు పడుతుంది. తర్వాత మంచి నీళ్లతో తప్పకుండా తుడవాలి, సోడా మిగిలితే ఆరాక తెల్లగా పూస్తుంది.

చాకలి సోడా అంతకన్నా ఘాటైన క్షారం. మీది హ్యాండిల్ లేని మోడల్ అంటున్నారు కాబట్టి డోర్ పైన అల్యూమినియం పట్టీ ఉండొచ్చు. చాకలి సోడా తగిలితే ఆ పట్టీ నల్లబడి మచ్చలు పడుతుంది. వద్దు.

వాడకూడనివి: ఆకుపచ్చ పీచు, స్టీలు పీచు, పీతాంబరి, గిన్నెల పొడి, ముగ్గుపిండి, టూత్‌పేస్టు, సిఫ్ లాంటి క్రీములు. మ్యాజిక్ స్పాంజ్ అని తెల్లది అమ్ముతారు, మెత్తగా ఉంటుంది కానీ అదీ సన్నటి గరుకు కాగితమే. ఇవన్నీ మరకని తీస్తాయి, దాంతోపాటు మ్యాట్‌నీ తీస్తాయి. కుంకుడు రసం కూడా తెల్ల డోర్‌కి వద్దు, గోధుమ ఛాయ దిగుతుంది.

సిక్కోలు_చెక్కపని

పైన చెప్పిందానికి ఒక్క ముక్క కలుపుతాను. లామినేట్ అయితే, సోడాకి కూడా లొంగని మొండి చుక్కకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది పది సెకన్లు ఆనించి తీయొచ్చు. గ్యాస్ నాబ్ కట్టేసి, కిటికీ తెరిచాకే. పీయూ పెయింట్ అయితే ముందు మూల పరీక్ష తప్పనిసరి. యాక్రిలిక్‌కీ మెంబ్రేన్‌కీ అసలు వద్దు. యాక్రిలిక్ ఆల్కహాల్ తగిలితే సన్నగా నెర్రెలు బారుతుంది. థిన్నర్ ఏ డోర్‌కీ వద్దు. పెయింట్ ఉంటే ఊడుతుంది, పీవీసీ ఉంటే మెత్తబడుతుంది. శానిటైజర్ జెల్ కూడా అంతే, జిగురు పొర వదులుతుంది.

కంటోన్మెంట్_వంటిల్లు (విజయనగరం)

చూశాను. ముందు వైపూ అంచులూ ఒకటే తొడుగు, వెనక అతుకు ఉంది. అంటే మెంబ్రేనే కదా. హింజ్ గుంటలో అట్టలా ఉంది. స్టవ్ పక్క డోర్‌కి కింది మూల రేకు కొద్దిగా లేచింది, గోరు దూరుతోంది. ఆ మూలకి ఏం చెయ్యాలి? పీచుతో రుద్దిన చోటు మెరుపు పోతుందా? పసుపు చుక్కల సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

గట్టు_మీద_గుడ్డ (విజయనగరం)

పసుపు చుక్కల గురించి ముందు. పసుపు రంగు నూనెలో కరిగి దిగుతుంది కాబట్టి జిడ్డు తీయకుండా రంగు పోదు. సోడా నీళ్లు తగలగానే పసుపు కాస్తా ఎర్రబడుతుంది, కంగారు పడకండి. పారాణి కలిపేటప్పుడు పసుపులో సున్నం పడితే జరిగేదే ఇదీను. మంచి నీళ్లతో తుడిస్తే మళ్లీ పసుపవుతుంది. జిడ్డు పోయాక మిగిలిన లేత ఛాయని వెలుగుకి వదిలేయడం మేలు. పసుపు రంగు ఎండకి నిలవదు. కిటికీ వెలుగు పడే డోర్ అయితే కొన్ని రోజుల్లో దానంతటదే వెలిసిపోతుంది. తొందరైతే మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చుకోండి. మామూలుగా అది 6 శాతం ఉంటుంది, సమానంగా నీళ్లు కలిపితే 3 శాతం. దూదితో చుక్క మీద మాత్రమే రెండు నిమిషాలు అద్ది, మంచి నీళ్లతో తుడవండి. మూల పరీక్ష దీనికీ వర్తిస్తుంది. బ్లీచింగ్ నీళ్లు వద్దు. అందులో వెనిగర్ కలపడమైతే ఎప్పటికీ వద్దు, విషవాయువు వస్తుంది.

సిక్కోలు_చెక్కపని

మెంబ్రేన్, లోపల ఎండీఎఫ్. అయితే వేడికి జాగ్రత్త. వేడితో అతికించిన రేకు వేడికే లేస్తుంది. మీ మూల లేచింది స్టవ్ పక్క సెగ వల్ల కావచ్చు, గట్టు మీద కుక్కర్ ఆవిరి నేరుగా పై డోర్ కిందికి కొట్టడం వల్ల కావచ్చు. కుక్కర్‌నీ కెటిల్‌నీ డోర్ అంచు కింద పెట్టకుండా ముందుకి జరపండి. స్టీమ్ క్లీనర్ పెట్టనే పెట్టకండి. తుడిచే నీళ్లు కూడా గోరువెచ్చగా దాటకూడదు.

ఆ మూల అతికించేదాకా దాన్ని తడి గుడ్డతో తుడవొద్దు. బాగా ఆరిన రోజు చూసుకోండి, ముసురు పట్టిన వారంలో కాదు, మన కోస్తా తేమకి చెక్క లోపల చెమ్మ ఉండిపోతుంది. రేకుని లాగకుండా లోపల దుమ్ము పొడి బ్రష్‌తో దులిపి, ఫెవికాల్ ఎస్ఆర్ లాంటి రబ్బర్ గమ్ అగ్గిపుల్లతో రెండు వైపులా పలచగా రాయండి. పది పదిహేను నిమిషాలు ఆగి, వేలికి అంటుకోకుండా జిగటగా అనిపించినప్పుడు మూల వైపు నుంచి కాకుండా లోపలి నుంచి బయటికి నొక్కుతూ అతికించాలి. లోపలి నుంచి నొక్కితేనే గాలి బయటికి పోతుంది. గమ్ మందంగా వేస్తే అందులోని ద్రావకం రేకుని ముడతలు పెడుతుంది. పెయింటర్లు వాడే కాగితం టేపు వేసి ఒక రోజు వదిలేయండి. లోపల ఎండీఎఫ్ అప్పటికే ఉబ్బి ఉంటే మాత్రం గమ్ నిలవదు, ఆ డోర్ మార్చుకోవాలి.

మెరుపు సంగతి ఉన్నమాట చెప్తాను. మెంబ్రేన్ మీదా లామినేట్ మీదా పోయిన మ్యాట్ తిరిగి రాదు. గుంటలు అరిగిపోయాయి, వాటిని మళ్లీ పుట్టించే మందు లేదు. కారు పాలిష్, మైనం రాస్తే మెరుపు ఇంకా పెరుగుతుంది. పీయూ అయితే డోర్ మొత్తానికి మళ్లీ మ్యాట్ కోటు కొట్టించొచ్చు, మీది కాదు.

చేయగలిగింది ఒకటుంది. అదే కొలత డోర్ ఇంకోటి ఫ్రిజ్ పక్కనో, వెలుగు పడని మూలనో ఉంటే రెండూ మార్చేసుకోండి. వెడల్పు, ఎత్తు, హింజ్ గుంటల దూరం మూడూ కలవాలి. పై నుంచి మొదటి గుంట ఎంత దూరమో, కింది నుంచి చివరిది అంతే దూరమైతే ఎడమ డోర్‌ని తలకిందులు చేసి కుడికి కూడా పెట్టొచ్చు. మీకు పట్టుకునే అంచు పైనే ఉంది కాబట్టి, తలకిందులు చేసే ముందు కింది అంచు కూడా అదే ఆకారంలో ఉందో లేదో చూసుకోండి. హింజ్ మీది రెండు స్క్రూలతో డోర్లు వరస కలిపితే సరి.

పోపుగింజ

చిమ్నీ ఉన్న వంటింట్లో కూడా ఇంత జిడ్డెందుకు వస్తుంది అసలు?

గట్టు_మీద_గుడ్డ (విజయనగరం)

చిమ్నీ ఎత్తు చూడండి. స్టవ్ నుంచి సుమారు 65 నుంచి 75 సెంటీమీటర్లు ఉండాలి, అంతకు మించి పైకి బిగిస్తే పొగ అందకముందే పక్కలకి తప్పుకుంటుంది. పొయ్యి వెలిగించినప్పుడే ఆన్ చేసి, దించాక కూడా పది నిమిషాలు తిరగనివ్వాలి. చాలామంది వాసన మొదలయ్యాక వేస్తారు, అప్పటికే ఆవిరి డోర్ మీద వాలిపోతుంది. బాఫిల్ ఫిల్టర్ (చిమ్నీలో జిడ్డు పట్టే పట్టీల జాలీ) నెలకోసారి వేడి నీళ్లలో నానబెట్టి కడగాలి. పునుగులు, చేపల వేపుడు ఎక్కువ వేసే ఇంట్లో పదిహేను రోజులకే నిండుతుంది. అలా వేయించిన రోజు, డోర్ చల్లారాక, స్టవ్ పైన రెండు డోర్లనీ పిండిన సబ్బు గుడ్డతో ఒక్కసారి తుడిచేయండి. ఆ రోజు అది ఇంకా నూనే, సోడా దాకా వెళ్లక్కర్లేదు.