మేడ మీద సోలార్ పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మే నెల బిల్లు 410 యూనిట్లు చూసి గుండె గుభేల్మంది. కేంద్రం వాళ్ల పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది కదా. మేడ మీదేమో నీళ్ల ట్యాంకు నీడ, పైగా కోతులు. ఏం చేయమంటారు?

జవాబు: పెట్టించు తమ్ముడూ. చిత్తూరులో మాకు రెండేళ్లయింది. కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, ముసురు పడితే సగం కూడా రాదు. ముందు డబ్బంతా నువ్వే కట్టాలి, సబ్సిడీ తర్వాత ఖాతాలో పడుతుంది. నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా వరుసంతా నీరసపడుతుంది. నేనైతే ట్యాంకునే ఉత్తరం వైపుకు జరిపించా.

జవాబు: బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడు ఇదీ ఆగిపోతుంది. ఆ మాట మాకెవరూ ముందు చెప్పలేదు! ప్యానెళ్లను తెల్లవారుజామునే కడగండి, మండే గాజు మీద చన్నీళ్లు వద్దు.

ప్రశ్న వేసినవారు: థాంక్స్ అన్నా. రేపే ప్లంబర్‌ని పిలుస్తా. మరి కోతులు?

జవాబు: మా ప్యానెల్ మీద అరటితొక్క ఇప్పటికీ ఎండుతోంది.