అన్నీ కాంక్రీటు గోడలే ఉన్న ఇంట్లో డ్రిల్ పెట్టొచ్చా, పెట్టకూడదా?

భీమవరం గృహిణి
మాది టిడ్కో ఇల్లండీ, ప్రభుత్వం కట్టించిన అపార్ట్‌మెంటు. షేర్ వాల్ పద్ధతిలో కట్టారు, ఇటుకనేది లేదు. గోడలూ శ్లాబూ అన్నీ పోత పోసిన కాంక్రీటే. దేవుడి పటానికి మేకు కొడితే వంగిపోతోంది. డ్రిల్ పెట్టిద్దామంటే కింది ఇంటివారు "ఈ గోడలే బిల్డింగుని మోస్తున్నాయి, ఒక్క కన్నం కూడా పెట్టకూడదు" అంటున్నారు. పక్కింటివారేమో ఏసీ పైపు కోసం పెద్ద కన్నమే కొట్టించేశారు. ఎవరి మాట వినాలి?

కొత్తపేట మాస్టారు
కింది ఇంటివారి మాటే సరైనదమ్మా. పిల్లర్లు వేసి కట్టిన ఇళ్లలో స్తంభాలూ దూలాలూ బరువు మోస్తాయి, మధ్యలో ఇటుక గోడ కేవలం అడ్డుగోడ. మీ ఇంట్లో గోడే స్తంభం. నాలుగు అంతస్తుల్లో ఒక్కొక్కరూ ఇరవై కన్నాలు పెట్టుకుంటూ పోతే ఏమవుతుందో ఆలోచించండి. పటాలకి జిగురు హుక్కులు దొరుకుతున్నాయి, అవి వాడుకోండి.

తణుకు ఎలక్ట్రీషియన్
మాస్టారు గారూ, గోడే బరువు మోస్తుందన్నది నిజం. కానీ కన్నం వేరు, కోత వేరు. పటానికి పెట్టేది 6 మిల్లీమీటర్ల కన్నం, లోతు అంగుళంన్నర. అది కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీకి తగలనంతవరకు గోడ బలానికి లోటేమీ లేదు. ఏసీ పైపు కన్నం సుమారు రెండున్నర అంగుళాల వెడల్పుతో గోడకి అటూ ఇటూ తేలుతుంది. దారిలో కడ్డీ ఉంటే కోర్ కటింగ్ మెషిన్ దాన్నీ కోసేస్తుంది. వైరు పైపు కోసం గోడలో గాడి కొట్టడం కూడా అంతే ప్రమాదం. ఆ రెండూ ఇంజినీరు చూసి ఒప్పుకోకుండా చేయకూడదు. చిన్న కన్నాన్ని వాటితో జతకట్టి అందరినీ భయపెట్టడం నాకు నచ్చదు.

అమ్మా, మీ పని ఎలా చేయించాలో చెప్తాను. ఇటుక గోడకి వాడే మామూలు హ్యామర్ డ్రిల్ ఈ కాంక్రీటు మీద అరుస్తుందే గానీ దిగదు. కుర్రాళ్లు మీద పడి నొక్కుతారు, బిట్ ఎర్రగా కాలి మొన అరిగిపోతుంది. రోటరీ హ్యామర్ తెమ్మనండి. అందులో పిస్టన్ గాలి ఒత్తిడితో బిట్‌ని కొడుతుంది కాబట్టి నొక్కక్కర్లేదు. ఎంత లోతు కావాలో అంతదూరంలో బిట్‌కి టేపు చుట్టిస్తే అవసరానికి మించి దిగదు.

సాఫీగా దిగుతున్న బిట్ ఒక్కసారిగా ఆగి చప్పుడు మారిందంటే కడ్డీ తగిలినట్టే. అక్కడితో ఆపేసి రెండంగుళాలు పక్కకి జరగమనండి. "ఇంకొంచెం కొడితే పోతుందండి" అనే కుర్రాడి చేతికి మాత్రం మిషన్ ఇవ్వొద్దు. ఆగిన కన్నాన్ని సిమెంటుతో పూడ్పించండి.

స్విచ్ బోర్డుకి సూటిగా పైనా కిందా కన్నం వద్దు, కాంక్రీటు పోసేటప్పుడే లోపల వైరు పైపులు పెట్టేస్తారు. ఆ గది ఎంసీబీ దించేసి, మిషన్‌కి వేరే గది నుంచి కరెంటు తీసుకోవాలి. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి, కాంక్రీటు దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. కన్నంలోని పొడిని సైకిల్ పంపుతో ఊదాకే స్క్రూని పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్ కొట్టాలి. పొడి మిగిలితే ప్లగ్ పట్టదు, స్క్రూ తిప్పుతుంటే అదీ తిరుగుతుంది. పటం ఊడి పడేది ఎక్కువగా అందుకే.

రాజోలు నుంచి
అన్నగారూ, మీ మాటకి ఒకటి కలుపుతాను. మాది సముద్రానికి దగ్గర. బయటి గోడకి డిష్ కోసమో, బట్టల తీగ కోసమో పెట్టిన కన్నాన్ని తెరిచి వదిలేస్తే వాననీరూ ఉప్పు గాలీ లోపలికి చేరతాయి. కడ్డీ తుప్పు పడితే ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటుని పగలగొట్టి బయటికొస్తుంది. మా వైపు సన్‌షేడ్ల కింద పెచ్చులూడి కడ్డీలు కనబడే ఇళ్లు కొల్లలు. బయటి గోడ కన్నం చుట్టూ సీలెంట్ పెట్టనిదే పని అయినట్టు కాదు.

కొత్తపేట మాస్టారు
పటానికి సరే, ఒప్పుకుంటాను. గీజర్ సంగతేమిటి? 15 లీటర్లదైతే నీళ్ల బరువే 15 కిలోలు, దానికి తోడు గీజర్ బరువు.

తణుకు ఎలక్ట్రీషియన్
దానికి ప్లాస్టిక్ ప్లగ్ పనికిరాదండి, బిగించేకొద్దీ కన్నంలో విచ్చుకుని పట్టే ఇనుప యాంకర్ బోల్టులే వేయాలి. గోడ అంచుకి దగ్గరగా వేస్తే బిగించేటప్పుడు కాంక్రీటు చీలుతుంది, అందుకని తలుపు పక్కన, మూలల్లో వద్దు. నిజానికి గీజర్ మోయడానికి ఇటుక గోడ కంటే ఈ గోడే మేలు. మామూలు ఇళ్లలో నేను అసలు ఒప్పుకోనిది దూలం అడుగున కన్నం. బరువుకి సాగకుండా పట్టి ఉంచే ముఖ్యమైన కడ్డీలు అక్కడే ఉంటాయి. ఉయ్యాల కొక్కెం కావాలంటే శ్లాబు పోసేరోజే పెట్టించుకోవాలి.

భీమవరం గృహిణి
పటాలకీ వంటింటి అరకీ రోటరీ హ్యామర్ ఉన్నవారినే పిలుస్తాను. పక్కింటివారి ఏసీ కన్నంలో తెగిన కడ్డీ కొస కనబడుతోందండీ. ఇప్పుడేం చేయాలి?

తణుకు ఎలక్ట్రీషియన్
సిమెంటుతో కప్పేసి ఊరుకోవద్దని చెప్పండమ్మా. ముందు ఫోటో తీసి కట్టిన వాళ్ల ఇంజినీరుకి చూపించమనండి. ఎన్ని తెగాయి, ఏ గోడ అన్నది చూసి ఆయనే చెప్పాలి. అప్పటిదాకా ఆ గోడకి ఇంకో కన్నం పెట్టనివ్వకండి.